డయాలసిస్ సెంటరు మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో, బరంపురం నుంచి వచ్చిన ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

 

మేము ఎనిమిదో తరగతి దాకానే చదువుకున్నాము. మైకు పట్టుకుంటే పట్టు ధర గురించి, రిబేటు బకాయిల గురించి మాట్లాడడం మాకు అలవాటు. మీరు కూడా అదే అనుకుని ఉంటారు. కానీ ఈ పదిహేను నిమిషాలు వేరే సంగతికి ఇమ్మని అధ్యక్షుల వారిని ముందే అడిగాము. మా సంఘంలో ఇప్పుడు నలుగురు సభ్యులు డయాలసిస్ మీద ఉన్నారు. మీ ఊళ్ళలోనూ ఉంటారు. ఆ మనిషిని ఏ సెంటరుకు పంపాలి, అక్కడ వైద్యం సరిగా జరుగుతోందా లేదా అని చూసేదెవరు? మా దగ్గర ఎవరూ చూడలేదు. చూడకపోవడం వల్ల ఏమయిందో దాచకుండా చెప్పుకుందామని వచ్చాము.

మాకు వరసకు బావ అవుతారు, గుంటమగ్గం మీద నలభై ఏళ్ళు నేసిన మనిషి. అంచులో కుంభం ఎత్తితే ఎక్కడా పోగు తప్పేది కాదు. పదిహేనేళ్ళ నుంచి సుగరు ఉంది. దానికి తోడు నడుం నొప్పికి మందుల షాపులో అడిగి బిళ్ళలు మింగేవారు. మనలో మింగనివారెవరు లెండి! కాళ్ళు వాచాయి, ఆయాసం వచ్చింది. పరీక్ష చేస్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదన్నారు.

ప్రభుత్వాసుపత్రిలో అప్పటికి ఖాళీ లేదు, పేరు రాసుకుని కబురు చేస్తామన్నారు. ఈలోగా కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు సెంటరు సంగతి తెలిసి, మేమూ ఇద్దరు కమిటీ మెంబర్లూ వెళ్ళి చూసి వచ్చాము. అద్దాల తలుపులు, ఏసీ, ప్రతి మంచం ముందు టీవీ. మేనేజరు గారు సోఫాలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. మేము సంతోషపడిపోయి తిరిగి వచ్చి సంఘంలో అందరికీ చెప్పాము, "చాలా బాగుంది, పెద్ద హోటల్లాగ ఉంది" అని. ఆ మాట పట్టుకుని బావతో పాటు ఇంకో సభ్యుడు కూడా అక్కడే చేరారు.

ఆరు నెలలు గడిచాయి. బావకు మెడ దగ్గర వేసిన పైపు మెడ దగ్గరే ఉంది. కాగితం మీద నాలుగు గంటలని రాసి ఉండేది. కానీ మూడుంపావు గంటకే మిషను ఆపి, తరవాతి మనిషిని ఎక్కించేవారు. బావకూ సంతోషమే. "బేగి వదిలేస్తున్నారర్రా, మంచోళ్ళు" అనేవారు. మేమూ అలాగే అనుకున్నాము.

ఒకనాడు మిషను మీద ఉండగానే చలి, వణుకు వచ్చింది. జ్వరం బిళ్ళ ఇచ్చి ఇంటికి పంపేశారు. మూడో రాత్రి మనిషి పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని గాలి కోసం కొట్టుకుంటున్నారు. మా అక్క పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టింది. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. పైపు దగ్గర చీము పట్టి రక్తానికి ఎక్కిందన్నారు. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందన్నారు. అక్కడి డాక్టరు గారు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు. రోజుకు ఎన్ని గంటలు చేస్తున్నారు? డయాలసిస్‌కు ముందూ తరవాతా రక్తం తీసి యూరియా ఎప్పుడు చూశారు? ఆరు నెలలైనా చేతికి ఫిస్టులా ఎందుకు వేయించలేదు?

ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. సంఘం కార్యదర్శిగా సంతకాలు పెట్టే మనిషిమి, అక్కడ తల దించుకుని నిలబడ్డాము.

బావ పంతొమ్మిది రోజులు ఉండి బతికి బయటపడ్డారు. మా మాట మీద అక్కడ చేరిన రెండో సభ్యుడు మాత్రం ఆ ఏడే పోయారు. సెంటరు వల్లనే పోయారని మేము అనము. ఆయనకు గుండె జబ్బు కూడా ఉంది. కానీ ఆయన మా మాట నమ్మి వెళ్ళారు. ఆ మాట చెప్పడానికి మేము చూసిందేమిటి? సోఫా, టీవీ, టీ. ఇది మాకు ఈ రోజుకీ మనసులో ముల్లులాగే ఉంది.

అయ్యా, చీర కొనేవాళ్ళు జరీ మెరుపు చూస్తారు. మనం చూస్తామా? మనం చీర తిరగేస్తాము. వెనకవైపు పోగులు చూస్తాము, అంగుళానికి ఎన్ని పేకపోగులు పడ్డాయో లెక్కపెడతాము, రంగు నిలుస్తుందో లేదో తడిపి చూస్తాము. అంత తెలిసినవాళ్ళం, మన మనిషి ప్రాణం అప్పగించే చోట మాత్రం మెరుపు చూసి వచ్చేశాము. ఆ తరవాత పెద్దాసుపత్రి డాక్టరు గారినీ, అక్కడి సిస్టరమ్మనూ అడిగి అడిగి కొన్ని సంగతులు నోటుబుక్కులో రాసుకున్నాము. అవే మీకు చెప్తాము.

మొదటిది టైము. మంచి కిడ్నీ వారంలో 168 గంటలూ పనిచేస్తుంది. మిషను చేసేది వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, అంటే 12 గంటలే. అందులోనూ ముక్కాలు గంట చొప్పున కోస్తే నెలకు సుమారు తొమ్మిది గంటలు పోతుంది. అంటే నెలకు రెండు డయాలసిస్‌లు ఎగ్గొట్టినట్టే. అందుకని మిషను ఎక్కిన టైము, దిగిన టైము ఇంటివాళ్ళే రాసుకోవాలి. డాక్టరు ఎంత రాశారో అంతా జరగాలి.

రెండోది రక్తం ఎంత శుభ్రపడింది అన్నది. పట్టు ఉడకబెట్టడం మనకు తెలుసు. కిలో ముడిపట్టు సబ్బునీళ్ళలో ఉడికిస్తే బంక పోయి సుమారు ముప్పావు కిలో చేతికొస్తుంది. తూకం తగ్గలేదంటే బంక పోలేదన్నమాట. ఇదీ అంతే. డయాలసిస్‌కు ముందు యూరియా ఎంత, అయ్యాక ఎంత అని చూస్తారు. ముందు 150 ఉండి తరవాత 45 అయితే నూటికి 70 వంతులు పోయినట్టు, అది బాగున్నట్టు. 60 దగ్గర ఆగితే నూటికి 60 వంతులే పోయినట్టు, అది చాలదు. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి కనీసం 65 వంతులు తగ్గాలి. దీన్ని యు.ఆర్.ఆర్. అంటారు. నెలకు ఒకసారైనా చూడాలి. "ఈ నెల యు.ఆర్.ఆర్. ఎంత వచ్చింది?" అని అడగండి. రిపోర్టు చూపించే సెంటరు ఒక రకం, "మీకెందుకండీ" అనే సెంటరు ఒక రకం. దానితోపాటు హిమోగ్లోబిను కూడా అడగండి. 10కి తగ్గకుండా చూస్తారు, తగ్గితే ఇంజెక్షను, ఐరను సంగతి డాక్టరు చూస్తారు.

మూడోది రక్తం తీసే దారి. మెడ పైపు తొందరకు వేసేది. ఎక్కువ కాలం నడవాల్సింది చేతి ఫిస్టులా. చిన్న ఆపరేషనుతో చేతిలో రక్తనాళాలు రెండు కలుపుతారు. అది ముదరడానికి ఆరు వారాలో, రెండు నెలలో పడుతుంది. కాబట్టి కిడ్నీలు పోతున్నాయని తెలిసిన రోజు నుంచే ఆ ఏర్పాటు చూడాలి. బావ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ చెయ్యి బాబూ? మగ్గానికి రెండూ కావాలి కదా" అని. డాక్టరు గారు నవ్వి, తాడు లాగే కుడిచెయ్యి వదిలి ఎడమచేతికి వేశారు. ఫిస్టులా మీద వేళ్ళు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు అదురుతుంది. పొద్దున్నే లేవగానే అది చూసుకోవాలి. అదురు ఆగితే ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బిగుతు గాజులు, వాచీ పెట్టకూడదు, బరువులు మోయకూడదు. పైపు ఉన్నవారయితే అది తడవకూడదు. అది తెరిచేటప్పుడు స్టాఫూ, పేషెంటూ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. పైపు ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే బిళ్ళతో సరిపెట్టకూడదు, రక్తపరీక్ష అడగాలి. ఈ ఒక్క మాట మాకు ముందే తెలిసి ఉంటే ఆ పంతొమ్మిది రోజులు తప్పేవేమో.

నాలుగోది నీటి బరువు. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిటు అంటారు. అది మనిషి మనిషికీ డాక్టరు చూసి చెప్పాలి, అప్పుడప్పుడు మార్చాలి. ఎక్కే ముందూ దిగాకా తూకం వేయాలి. నీరు తీసే వేగానికీ ఒక హద్దు ఉంది. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో రెండు లీటర్ల ఆరు వందలు అన్నమాట. మా బావ నాలుగు కిలోలు పెంచుకుని వెళ్ళేవారు, దాన్ని మూడుంపావు గంటలో లాగేసేవారు. పిక్కలు పట్టేసి అరిచేవారు, బీపీ పడిపోయేది. అది జబ్బు లక్షణం అనుకున్నాము. తొందరగా లాగడం వల్ల అని తెలియదు.

అయిదోది శుభ్రం. నేల తుడవడం చూసి మోసపోకండి, చేతులు చూడండి. ఒక మనిషి దగ్గర నుంచి ఇంకో మనిషి దగ్గరకు వెళ్ళేటప్పుడు గ్లౌజులు మార్చి చెయ్యి కడుగుతున్నారా లేదా, ఒక గంట కూర్చుంటే తెలిసిపోతుంది. డయలైజర్ అనే ఫిల్టరును కడిగి మళ్ళీ వాడే చోట దాని మీద మన పేరు, ఎన్నోసారి వాడుతున్నారో రాసి ఉండాలి. తగిలించే ముందు పేరు చదివి చూపించమనండి. ఒకరిది ఇంకొకరికి పోకూడదు. హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షలు చేరేటప్పుడూ, తరవాత మధ్యమధ్యలోనూ చేయాలి. హెపటైటిస్ బి ఉన్నవారికి మిషను వేరుగా ఉండాలి. లేనివారికి టీకాలు వేయించాలి.

ఆరోది నీళ్ళు. రంగు వేసే ఇళ్ళవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కరలేదు, నీళ్ళు బాగులేకపోతే రంగు ఎలా తిరుగుతుందో మీకు తెలుసు. ఒక్క డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు పోతాయి. ఆ నీళ్ళకూ రక్తానికీ మధ్య పల్చటి పొర ఒక్కటే అడ్డు. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిను మిగిలిపోతే రక్తకణాలు పగిలిపోతాయి. అందుకని రోజూ షిఫ్టు మొదట్లో క్లోరిను పరీక్ష చేసి రిజిస్టరులో రాయాలి, నెలనెలా క్రిముల పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రి పాత బిల్డింగులో మేము ఈ ప్రశ్న అడిగితే, సిస్టరమ్మ ఒక్క మాట మాట్లాడకుండా రిజిస్టరు తెచ్చి మా ముందు పెట్టింది. ఆ రోజు పొద్దుటి తారీఖు, అంకె, సంతకం ఉన్నాయి. గోడకు పెచ్చులూడుతున్నాయి, ఫ్యాను కిర్రుమంటోంది. కానీ ఆ రిజిస్టరు చూశాక మా బావను అక్కడే పెట్టాలని నిర్ణయించుకున్నాము. నెలన్నర ఆగితే ఖాళీ దొరికింది.

ఏడోది, కిడ్నీ డాక్టరు ఎన్నాళ్ళకు ఒకసారి వచ్చి పేషెంటును చూస్తారు, కరెంటు పోతే ఏం చేస్తారు, గుండె ఆగితే వెంటనే చూసే ఏర్పాటు ఉందా అని అడగడం. ఇంటి దగ్గరే చేసుకునే పొట్ట డయాలసిస్ గురించి, కిడ్నీ మార్పిడి గురించి మీకు చెప్పారా లేదా అన్నది కూడా చూడాలి. మంచి సెంటరు ఆ దారులు కూడా చెబుతుంది.

ఇక మన తప్పులు. ఎదుటివాళ్ళనే అంటే న్యాయం కాదు. "చాలు, దింపేయండి" అని గంట ముందే గోల చేసేవాళ్ళు మనలో ఉన్నారు. పండగని, పెళ్ళని ఒకసారి మానేసేవాళ్ళు ఉన్నారు. ఎండాకాలం ఉప్పు వేసుకుని పఖాళ అన్నం కడుపునిండా తాగి, అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు బలమని ఇస్తారు. కిడ్నీలు పోయినవారికి వాటిలోని పొటాషియం గుండెనే ఆపేయగలదు. ఏది ఎంత తినాలో సెంటరులో చెప్పించుకోవాలి.

ఇంకో తప్పు మా సంఘానిది. పెళ్ళిళ్ళ సీజనులో ఆర్డరు ఆలస్యమవుతోందని మేమే బావకు రెండుసార్లు కబురు చేశాము. ఆ చీర దింపడం కోసం ఆయన ఒక డయాలసిస్ మానేశారట. మాకు చెప్పలేదు. చాలా రోజుల తరవాత మా అక్క చెప్పింది. ఇప్పుడు మా సంఘంలో డయాలసిస్ సభ్యుల చీరకు తారీఖు పెట్టము. కొనేవారికి ముందే చెబుతాము, ఒప్పుకున్నవారే ఇస్తారు.

డబ్బు మాట కూడా చెప్పాలి. 2016లో కేంద్రం ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా చేయడానికి పెట్టిన పథకం అది. రాష్ట్రాల పథకాలు వేరుగా ఉంటాయి. మీ మీ జిల్లా ఆసుపత్రిలో కార్డు పట్టుకెళ్ళి అడగండి. ఉచితం కదా అని ప్రశ్న మానకండి. ఉచితమైనా అది మన రక్తమే. మా సంఘం మాత్రం ఆటో ఖర్చు పెట్టుకుంటోంది, వంతుల వారీగా ఒక మనిషిని తోడు పంపుతోంది. టైము రాసేది ఆ తోడు మనిషే.

మాకు ఈ జబ్బు పరాయిది కాదు. రెండు వందల ఏళ్ళ కిందట మహురి రాజుల కాలంలో గోదావరి ఒడ్డు నుంచి వచ్చామని మా పెద్దలు చెప్పేవారు. కానీ పిల్లలను ఇచ్చి పుచ్చుకునేది ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపే. అదంతా ఉద్దానం. అక్కడ 1990ల నుంచి ఊళ్ళకు ఊళ్ళు కిడ్నీ జబ్బుతో పడుతున్న బాధ అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. మా వియ్యాలవారింట్లో ఇద్దరు ముగ్గురు మిషను మీద ఉన్న ఇళ్ళు ఉన్నాయి. "మొదట్లో మేమూ ఏమీ అడగలేదు బాబూ, భయం" అని వాళ్ళు మాతో అన్నారు.

ఆ భయంలో సగం భాషది. మన ఆడవాళ్ళు ఒడియా బజారుకు సరిపడా మాట్లాడతారు. తెల్లకోటు ఎదురుగా నిలబడితే అర్థమైనా కాకపోయినా "హఁ, హఁ" అంటారు. తమిళనాడులో, కర్ణాటకలో, మహారాష్ట్రలో కూడా ఇంతేనని మధ్యాహ్నం భోజనాల దగ్గర మీరే చెప్పారు. అందుకని సమాఖ్యకు మా మనవి ఒక్కటే. ఈ ఏడు సంగతులూ ఒకవైపు తెలుగులో, రెండో వైపు ఆ రాష్ట్రం భాషలో ఒక పేజీ మీద వేయించండి. ఫోనులో పంపుకునేలా చేయండి. చదువు రాని తల్లి కూడా ఆ పేజీ చూపించి, వేలు పెట్టి, "ఇది ఎంత?" అని అడగగలగాలి. వేయించే ముందు ఒక కిడ్నీ డాక్టరు గారికి చూపించి సరిచేయించండి. మేము రాసుకున్నదాంట్లో తప్పులుంటే ఆయన దిద్దుతారు.

అడగడమంటే పోట్లాడడం కాదు. ఆ టెక్నీషియను పిల్లలు పొద్దున్న అయిదింటికి వచ్చి రాత్రిదాకా నిలబడే ఉంటారు. నమస్కారం పెట్టి, మెల్లగా, కానీ ప్రతి నెలా అడగాలి. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే చేసే పని కూడా కుదురుగా జరుగుతుంది. ఇది మన మగ్గాల దగ్గర చూసిందే.

బావ ఇప్పుడు పట్టుచీర నేయడం లేదు. వారానికి మూడు రోజులు సెంటరుకు వెళతారు, మిగతా రోజుల్లో కుడిచేత్తో కండెలు చుడుతూ మనవడికి కుంభం ఎత్తడం నేర్పిస్తున్నారు. మొన్న మేము వెళితే గోడకు తగిలించిన కాగితం చూపించారు. పోయిన నెల యు.ఆర్.ఆర్. 71. "పరీక్షలో మార్కులొచ్చినట్టుందిరా" అన్నారు. కింద ఈ నెల అంకె కోసం గీత గీసి ఖాళీ ఉంచారు.